ఎందుకు ఓడిపోయామో చెప్పే ఆటలు

ఆటలో ఓడిపోవడం పెద్ద బాధ కాదు. ఓడిన మరుక్షణం తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించగలిగితే, చెయ్యి దానంతటదే మళ్ళీ మొదలుపెట్టే బటన్ మీదికి వెళ్తుంది. ఏం జరిగిందో అంతుబట్టకపోతే మాత్రం ఎంత అందమైన గేమైనా విసుగొస్తుంది. ఈ మధ్య ఆడినవాటిలో బలాట్రో, సెలెస్ట్, సెకీరో, ఫ్యాక్టోరియో ఈ పరీక్షలో బాగా నెగ్గాయి. ఒకటి పేకముక్కలు, ఒకటి కొండెక్కడం, ఒకటి కత్తియుద్ధం, ఒకటి ఫ్యాక్టరీ కట్టడం. పైకి పోలికే లేదు. కానీ నాలుగింటిలోనూ ఓటమికి కారణం తెర మీదే ఉంటుంది, ఎటు చూడాలో తెలియాలంతే.

బలాట్రోతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో కారణం అంకెల్లోనే దొరుకుతుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ గేమ్‌ని లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఒక్కరే తయారుచేశారు. మొదట దొరికే ఎర్ర కట్టలో 52 ముక్కలు, చేతిలో 8, రౌండుకి 4 సార్లు ఆడొచ్చు, 4 సార్లు పారేయొచ్చు. ముక్కలు ఆడిన ప్రతిసారీ (దాన్నే ఒక చెయ్యి అంటారు) రెండు అంకెలు: చిప్స్ అంటే పాయింట్లు, మల్ట్ అంటే గుణకం. రెండూ గుణిస్తే వచ్చేదే స్కోరు.

ఒక లెక్క వేసి చూద్దాం. చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, 9, 7, 4 ఉన్నాయి. ఐదూ ఒకే గుర్తు కాబట్టి ఫ్లష్. మొదటి లెవెల్ ఫ్లష్‌కి 35 చిప్స్, 4 మల్ట్ ఇస్తారు. ఆసుకి 11, రాజుకి 10, మిగతా వాటికి వాటి అంకె. అంటే 41. మొత్తం 76 చిప్స్, 4 మల్ట్, స్కోరు 304. మొట్టమొదటి బ్లైండ్ (అంటే ఇంత స్కోరు కొట్టాలని లక్ష్యం పెట్టే రౌండు) లక్ష్యం 300. ఒక్క చేతితో గట్టెక్కాం. అదే ఆసు బదులు 6 ఉంటే 71 చిప్స్, స్కోరు 284. ఇంకో చెయ్యి ఆడాలి. ఆ రెండో చెయ్యికి కూడా ఖరీదుంది, ఎందుకంటే రౌండు అయ్యాక మిగిలిన ఒక్కో చెయ్యికీ ఒక్కో డాలరు వస్తుంది.

ఇప్పుడు జోకర్లు, అంటే షాపులో కొనుక్కునే, స్కోరు పెంచే ప్రత్యేక ముక్కలు. ఇక్కడే కొత్తవాళ్ళు కాలు జారేది. జోకర్ల లెక్క ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. ఒక జోకరు మల్ట్‌కి 10 కలుపుతుంది, ఇంకోటి మల్ట్‌ని 3తో గుణిస్తుంది అనుకుందాం. కలిపేది ఎడమన ఉంటే 4కి 10 కలిపి 14, దాన్ని 3తో గుణిస్తే 42. 76 చిప్స్‌తో స్కోరు 3192. గుణించేది ఎడమన ఉంటే 4ని 3తో గుణించి 12, దానికి 10 కలిపితే 22. స్కోరు 1672. అవే ముక్కలు, అవే జోకర్లు, స్కోరు మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. షాపులో జోకరు కొన్నప్పుడు అది వరసలో కుడి చివరకి వచ్చి చేరుతుంది. కలిపే జోకరు కొన్న ప్రతిసారీ దాన్ని ఎడమకి లాగి పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో లక్ష్యాలు చూస్తే తెలుస్తుంది. ఆట ఎనిమిది ఆంటీలుగా, అంటే దశలుగా, సాగుతుంది; ఒక్కోదాంట్లో చిన్న, పెద్ద, బాస్ అని మూడు బ్లైండ్లు. చిన్న బ్లైండ్ లక్ష్యాలు వరసగా 300, 800, 2000, 5000, 11000, 20000, 35000, 50000. బాస్‌కి సాధారణంగా దానికి రెట్టింపు, అంటే చివర్లో 1,00,000. నాలుగు చేతుల్లో అది కొట్టాలంటే చేతికి 25,000. మన 76 చిప్స్‌తోనే ఆడితే మల్ట్ సుమారు 330 కావాలి. కలిపే జోకర్లతో అంత దూరం వెళ్ళడం చాలా కష్టం. అదే 3తో గుణించే జోకర్లు రెండుంటే, వాటికి ముందు మల్ట్ 37 ఉంటే చాలు. 37ని 9తో గుణిస్తే 333, స్కోరు 25,308. ఐదో ఆంటీ దగ్గర చతికిలబడే ఆటల్లో చాలావాటికి జబ్బు ఇదే: ఐదు జోకర్ల చోటూ కలిపేవాటితో నిండిపోయి ఉంటుంది. నాలుగో ఆంటీ లోపల గుణించేది ఒక్కటైనా సంపాదించాలి.

డబ్బు సంగతి కూడా అంతే స్పష్టం. రౌండు ముగిసేసరికి చేతిలో ఉన్న ప్రతి 5 డాలర్లకీ 1 డాలరు వడ్డీ, గరిష్ఠంగా 5. అంటే 25 డాలర్లు కదలకుండా ఉంచితే ప్రతి రౌండుకీ 5 డాలర్లు ఉచితం. మొదటి రెండు ఆంటీల్లో అవసరమైన ఒకటి రెండు జోకర్లు తప్ప ఏదీ కొనకుండా 25కి చేరడం మంచి పద్ధతి. షాపు సరుకు మార్చడానికి మొదటిసారి 5 డాలర్లు, అదే షాపులో ఆ తర్వాత ఒక్కోసారికీ ఒక్కో డాలరు పెరుగుతుంది. కాబట్టి ఆశకొద్దీ మూడు నాలుగు సార్లు తిప్పితే వడ్డీ మొత్తం అక్కడే ఆవిరవుతుంది.

బాస్ ఎవరో ఆంటీ మొదట్లోనే తెర మీద కనబడుతుంది. చాలామంది అది చదవరు. ఇస్పేట్లని పనిచెయ్యకుండా చేసే బాస్ ఉందనుకోండి. ఇస్పేటు ముక్కలు ఫ్లష్‌గా లెక్కకొస్తాయి, కానీ ముక్కల చిప్స్ సున్నా. మన 304 కాస్తా 35 ఇంటు 4, అంటే 140 అయిపోతుంది. ఇస్పేట్లని చూసి పనిచేసే జోకర్లు కూడా నోరు మూసుకుంటాయి. బాస్‌కి ముందు రెండు షాపులుంటాయి, కళావరు ముక్కలో ఆటీను ముక్కలో పెంచుకోవడానికి ఆ వ్యవధి చాలు. ముక్కలు వేసే ముందు స్కోరు ఎంతొస్తుందో ఆట చూపించదు, దాన్ని లోపమనే వాళ్ళున్నారు. నాకు మాత్రం అదే దీని ప్రాణం అనిపిస్తుంది. ఆ గుణకారం మనసులో వేసుకున్నవాళ్ళకే జోకర్ల విలువ తెలిసొస్తుంది.

సెలెస్ట్ దగ్గరికొస్తే అంకెలు కనబడవు, కానీ లోపల అవే ఉన్నాయి. 2018 జనవరిలో వచ్చింది. మడెలిన్ అనే అమ్మాయి కొండెక్కాలి. చేతనైనవి మూడే: దూకడం, గాల్లో ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒకవైపు ఒకసారి డ్యాష్ చెయ్యడం (ఒక్క ఊపున దూసుకెళ్ళడం), గోడ పట్టుకుని ఎక్కడం. జుట్టు ఎర్రగా ఉంటే డ్యాష్ మిగిలి ఉంది, నీలంగా ఉంటే అయిపోయింది. తెర మూలన బార్ ఏదీ పెట్టకుండా, మన కళ్ళు ఎలాగూ నిలిచి ఉండే చోటే సమాచారం పెట్టారు. ఇంత చక్కటి ఆలోచన ఏ గేమ్‌లోనూ తరచుగా కనబడదు.

ఇది కష్టమైన ఆటే గానీ కసాయి ఆట కాదు. అంచు దాటి గాల్లోకి వచ్చేశాక కూడా సెకనులో పదో వంతు వరకు, అంటే సెకనుకి 60 ఫ్రేముల లెక్కలో 6 ఫ్రేములు, దూకుడు బటన్ పనిచేస్తుంది. నేల తాకడానికి కాస్త ముందే నొక్కినా గుర్తుపెట్టుకుని తాకగానే దూకిస్తుంది. బటన్ వదలకుండా నొక్కి పట్టుకుంటే ఎగురు పైకొసన గురుత్వాకర్షణ సగమవుతుంది, దిగే చోటు చూసుకోవడానికి ఆ కొద్ది క్షణం పనికొస్తుంది. తల కప్పు మూలకి కొంచెమే తగిలితే పక్కకి జరిపి పైకి పంపేస్తుంది. ఇన్ని సాయాలుండి కూడా ముళ్ళ మీద పడ్డామంటే తప్పు మనదే అని ఒప్పుకోబుద్ధేస్తుంది.

గోడ ఎక్కడంలో మాత్రం చాలామంది కారణం తెలియకుండానే జారిపోతుంటారు. పట్టుకి ఒక మొత్తం ఉంటుంది, 110 యూనిట్లు. కదలకుండా వేలాడితే సెకనుకి 10 చొప్పున ఖర్చు, అంటే 11 సెకన్లు నిలవొచ్చు. పైకి పాకితే సెకనుకి 45 పైచిలుకు, రెండున్నర సెకన్లు కూడా ఆగదు. పట్టుకునే ఉండి పైకి దూకితే ఒక్కో దూకుడుకి 27.5, అంటే నాలుగే దూకుళ్ళు. పట్టు అయిపోవస్తుంటే మడెలిన్ ఎర్రగా మెరుస్తుంది. ఒక చిట్కా ఉంది: గోడ పట్టుకుని నిట్టనిలువుగా దూకిన వెంటనే కంట్రోలర్ స్టిక్‌ని గోడకి ఎదురు వైపుకి తోస్తే అది గోడ నుంచి వెనక్కి దూకినట్టు లెక్కకొచ్చి, ఆ ఖర్చు తిరిగొచ్చేస్తుంది. మళ్ళీ గోడ వైపుకి తిప్పి పట్టుకోవచ్చు. ఎత్తైన గోడల దగ్గర ఇది వస్తే సగం కష్టం తీరినట్టే.

మూలగా కొట్టాల్సిన డ్యాష్ తిన్నగా వెళ్ళి చచ్చిపోతుంటే తప్పు చాలాసార్లు స్టిక్‌ది. నాలుగు దిక్కుల బటన్లు వాడి చూడండి. దారిలో కనబడే స్ట్రాబెర్రీ పండుని ముట్టుకుంటే చాలదు, దాన్ని తీసుకుని సురక్షితమైన నేల మీద కాలు పెట్టాకే మనదవుతుంది. మొత్తం 175 ఉన్నాయి, వాటితో కొత్త దారులేవీ తెరుచుకోవు, వదిలేసినా కథకి లోటు లేదు. ఒక గది అసలు లొంగకపోతే ఆటని తేలిక చేసే అసిస్ట్ మోడ్‌లో వేగం 70 శాతానికి తగ్గించి వరస నేర్చుకుని, మళ్ళీ 100కి పెట్టుకుని దాటండి. వేగం 50 శాతం దాకా తగ్గుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ మెనూ పెట్టింది వాడుకోవడానికే.

సెకీరోలో అలాంటి మెనూ లేదు. 2019 మార్చిలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వదిలిన ఈ గేమ్‌లో కష్టం తగ్గించే మీట ఎక్కడా ఉండదు. మనకీ శత్రువుకీ ప్రాణం బార్‌తో పాటు పోస్చర్ బార్ (నిలకడ ఎంత దెబ్బతిందో చూపేది) ఒకటుంటుంది, శత్రువుది నిండితే ఒక్క వేటుతో ముగించొచ్చు. అది నింపేది ఎక్కువగా మన దాడి కాదు, వాళ్ళ కత్తిని సరైన క్షణంలో తిప్పికొట్టడం. గార్డ్ బటన్ (కత్తిని అడ్డుపెట్టేది) నొక్కిన తర్వాత సుమారు సెకనులో ఐదో వంతు లోపల కత్తి తగిలితే అది తిప్పికొట్టినట్టు. కంగారులో బటన్‌ని టపటపా నొక్కుతూ పోతే ఆ వ్యవధి కుంచించుకుపోతుంది. "నొక్కాను కదా, ఎందుకు పడలేదు" అనే ఫిర్యాదుకి చాలాసార్లు ఇదే జవాబు.

కాస్త ముందుగా నొక్కి పట్టుకునే ఉంటే కనీసం మామూలు అడ్డు అయినా పడుతుంది, ఆలస్యమైతే నేరుగా ప్రాణం పోతుంది. కాబట్టి తప్పు చెయ్యక తప్పదంటే ముందు వైపుకే చెయ్యండి. రెండింటికీ శబ్దం వేరు: మామూలు అడ్డుకి మొద్దుబారిన చప్పుడు, తిప్పికొడితే ఖంగుమని మోగి నారింజ రంగు రవ్వలు చెల్లాచెదురవుతాయి. చెవితో ఆడటం నేర్చుకుంటే ఈ గేమ్ సగం వచ్చినట్టే. టీవీ మీద ఆడేవాళ్ళు గేమ్ మోడ్ పెట్టుకోవాలి. బొమ్మకి మెరుగులు దిద్దే సెట్టింగులు ఆన్‌లో ఉంటే బొమ్మ ఆలస్యంగా వస్తుంది, అసలే అంతంతమాత్రంగా ఉన్న వ్యవధిని అది తినేస్తుంది.

మన పోస్చర్ నిండిపోవస్తుంటే పారిపోయి తిరగకండి, దూరం జరిగి గార్డ్ పట్టుకుని నిలబడండి, అప్పుడే త్వరగా తగ్గుతుంది. శత్రువు విషయంలో ప్రాణం నిండుగా ఉన్నప్పుడు పోస్చర్ గబగబా కోలుకుంటుంది, ప్రాణం తగ్గేకొద్దీ మెల్లగా కోలుకుంటుంది. అందుకే బాస్‌తో పోరు మొదట్లో చిన్న చిన్న దెబ్బలతో ప్రాణం తగ్గించి, ఆ తర్వాత పోస్చర్ మీద పడాలి. మొదటి నుంచీ పోస్చర్‌కే గురిపెట్టి, మధ్యలో నాలుగడుగులు వెనక్కి వేస్తే పడ్డ కష్టమంతా మళ్ళీ మొదటికొస్తుంది.

ఎర్రటి జపనీస్ అక్షరం తల మీద మెరిస్తే మూడింటిలో ఒకటి వస్తోందని అర్థం. పొడుపు, కాళ్ళ కింద కోత, పట్టు. గుర్తు ఒకటే, జవాబులు మూడు. కాబట్టి అక్షరాన్ని కాదు, ఆయుధాన్ని చూడాలి. మొన తిన్నగా మన వైపు ఉంటే పొడుపు, మికిరి కౌంటర్ అనే విద్య నేర్చుకుని ఉంటే పక్కకి తప్పుకోకుండా వాడి మీదికే డాడ్జ్ నొక్కాలి. ఒళ్ళు వంచి ఆయుధం కిందికి దించితే కోత, దూకి గాల్లో ఉండగానే మళ్ళీ దూకుడు నొక్కితే వాడి మీద తన్ని పోస్చర్ పెంచొచ్చు. పట్టు అయితే దూరం జరగడమే. గెనిచిరో అనే బాస్ మూడో దశలో మెరుపు విసిరినప్పుడు పద్ధతి విచిత్రంగా ఉంటుంది. నేల మీద ఉండి అడ్డుకుంటే లాభం లేదు, దూకి గాల్లో దాన్ని ఒంటి మీదికి తీసుకుని, కాళ్ళు నేలకి తగిలేలోపు దాడి బటన్ నొక్కితే తిరిగి వాడికే తగులుతుంది.

ఈ గేమ్‌లో నాకు నచ్చనిది కెమెరా. వెనక గోడ ఉంటే అది మూలన ఇరుక్కుపోయి శత్రువు చెయ్యి కనబడదు, ఒక్కోసారి శత్రువు మీద పెట్టుకున్న కెమెరా లాక్ కూడా ఊడిపోతుంది. ఎందుకు చచ్చామో తెలియని చావులు సెకీరోలో ఉన్నాయంటే అవి గోడల దగ్గరే. బరి మధ్యకి లాక్కొచ్చి పోరాడండి. బాస్ దగ్గరికి వెళ్ళే ముందు సెన్ నాణేలు ఖర్చుపెట్టడమో సంచుల్లోకి మార్చడమో చెయ్యండి, చస్తే చేతిలో ఉన్నవాటిలో సగం పోతాయి. పూర్తయిన స్కిల్ పాయింటు మాత్రం పోదు.

పై నాలుగింటిలో లేకపోయినా, ఓటమికి కారణం ముందే చూపించే ఇంకో గేమ్, 2018లో వచ్చిన ఇన్‌టు ది బ్రీచ్ గురించి రెండు మాటలు. 8 గళ్ళు పొడవు, 8 గళ్ళు వెడల్పు పలక, మనవి మూడు యంత్రాలు. శత్రువులు భారీ పురుగులు, ఏ గడి మీద కొట్టబోతున్నాయో ముందే చూపిస్తారు. వాటిని చంపడం కంటే ఒక గడి పక్కకి తోయడమే చాలాసార్లు మేలు: గురి తప్పి ఇంకో పురుగునే కొడతాయి, నీళ్ళ గడిలోకి తోస్తే ఎగరలేనివి చాలావరకు మునిగి చస్తాయి. నేలలోంచి కొత్త పురుగు పైకొచ్చే గడి మీద ఏదైనా నిలబడితే అది రాలేదు, నిలబడ్డదానికి 1 దెబ్బ. ఒక పోరులో ఒక్కసారే వంతు మొత్తం వెనక్కి తిప్పుకోవచ్చు కాబట్టి దాన్ని తొలి వంతులోనే వాడెయ్యకండి.

ఫ్యాక్టోరియోలో శత్రువు అసలు మనమే. 2020 ఆగస్టులో 1.0 వచ్చింది, 2024 అక్టోబరులో స్పేస్ ఏజ్ విస్తరణతో పాటు 2.0 వచ్చింది. మొదటి లక్ష్యంగా సెకనుకి ఒక ఎర్ర సైన్స్ సీసా, ఒక ఆకుపచ్చ సీసా (ల్యాబుల్లో పరిశోధనకి ఖర్చయ్యేవి) పెట్టుకుంటే లెక్కలు అందంగా కుదురుతాయి. మొదటి రకం అసెంబ్లీ మెషీన్ సగం వేగంతో నడుస్తుంది కాబట్టి 5 సెకన్ల ఎర్ర సీసాకి 10 సెకన్లు, 6 సెకన్ల ఆకుపచ్చ సీసాకి 12 సెకన్లు పడుతుంది. అంటే ఎరుపుకి 10 మెషీన్లు, ఆకుపచ్చకి 12. వాటికి సరుకు అందించడానికి గేర్లకి 3, ఇన్సర్టర్లకి (సరుకుని ఎత్తి అందించే యంత్రపు చేతులకి) 1, బెల్టులకి 1, సర్క్యూట్లకి 1, రాగి తీగకి 2.

ఇప్పుడు ముడిసరుకు. ఎర్ర సీసాకి 2 ఇనప రేకులు, 1 రాగి రేకు. ఆకుపచ్చదానికి ఐదున్నర ఇనుము, ఒకటిన్నర రాగి. కలిపితే సెకనుకి ఇనుము 7.5, రాగి 2.5. ఒక రాతి కొలిమి రేకుకి 3.2 సెకన్లు తీసుకుంటుంది, కాబట్టి ఇనుముకి 24 కొలిములు, రాగికి 8. పసుపు బెల్ట్ సెకనుకి 15 వస్తువులు మోస్తుంది, ఒక్కో వరసకి 7.5. మన ఇనుము సరిగ్గా ఒక వరస! ఖనిజం తవ్వడానికి సెకనుకి అర చొప్పున ఇనుముకి 15 ఎలక్ట్రిక్ డ్రిల్లులు, రాగికి 5. ఆ 32 కొలిములు మండటానికి సెకనుకి 0.72 బొగ్గు, అంటే 2 డ్రిల్లులు.

ఎక్కడో తేడా కొట్టిందనుకోండి, బెల్టుల వెంట నడవండి. నిండిపోయి కదలకుండా ఆగిన బెల్ట్ ఉంటే సమస్య దాని తర్వాత ఉంది. ఖాళీగా, సరుకు దూరందూరంగా పోతున్న బెల్ట్ ఉంటే సమస్య దాని ముందు ఉంది. నిండింది ఖాళీగా మారే చోటే దోషం. సీసాలు రావడం లేదని ఇంకో పది మెషీన్లు పెట్టెయ్యడం పొరపాటు, ఇనుము చాలనప్పుడు మెషీన్లు పెంచితే ఆకలి నోళ్ళు పెరుగుతాయంతే. సర్క్యూట్ల దగ్గర జరిగేది చాలాసార్లు తీగ కొరత: ఒక్కో సర్క్యూట్‌కి 3 తీగలు కావాలి, అందుకే తీగ మెషీన్లు 3 ఉంటే సర్క్యూట్ మెషీన్లు 2 మించకూడదు. తీగని బెల్ట్ ఎక్కించకుండా మెషీన్ నుంచి మెషీన్‌కే ఇన్సర్టర్‌తో నేరుగా అందించండి, ఒక్క రాగి రేకు రెండు తీగలవుతుంది కాబట్టి బెల్ట్ మీద అది రెట్టింపు చోటు తింటుంది.

కరెంటు మాత్రం మోసగత్తె. ఒక బాయిలర్‌కి 2 ఆవిరి ఇంజన్లు, ఇంజన్‌కి 900 కిలోవాట్లు. పై ఫ్యాక్టరీకి డ్రిల్లులు, మెషీన్లు కలిపితే సుమారు 4.2 మెగావాట్లు, ల్యాబులూ ఇన్సర్టర్లూ చేరితే 7 దాటుతుంది. 5 బాయిలర్లు, 10 ఇంజన్లు పెట్టుకుంటే 9 మెగావాట్లు. చాలకపోతే ఏమవుతుందో చూడండి. కరెంటు తగ్గితే బొగ్గు తవ్వే డ్రిల్లులు మెల్లబడతాయి, బాయిలర్లకి బొగ్గు అందించే ఇన్సర్టర్లు మెల్లబడతాయి, బాయిలర్లు చల్లబడతాయి, కరెంటు ఇంకా తగ్గుతుంది. కొన్ని నిమిషాల్లో మొత్తం చీకటి. దీనికి విరుగుడు చవకైనదే: బాయిలర్ల ముందు కరెంటు ఇన్సర్టర్లు కాకుండా బొగ్గుతో నడిచేవి పెట్టండి. అవి మోసే బొగ్గులోంచే తమకి కావలసింది తీసుకుంటాయి, కరెంటు లేకపోయినా ఆగవు. బాయిలర్ల బొగ్గు బెల్ట్‌ని కొలిముల దానితో కలపకుండా విడిగా నడపండి. ఏదైనా కరెంటు స్తంభం మీద నొక్కితే సరఫరా బార్ కనబడుతుంది, అది నిండుగా లేకపోతే ఇంజన్లు పెంచే సమయం వచ్చినట్టు.

అప్పటికే చీకటి పడిపోతే ముందు ల్యాబులకి వెళ్ళే స్తంభం ఒకటి పీకెయ్యండి, భారం తగ్గుతుంది. తర్వాత ఒక్కో బాయిలర్‌లో చేత్తో 20 బొగ్గు వెయ్యండి. ఒక బొగ్గుకి 4 మెగాజౌళ్ళు, బాయిలర్ 1.8 మెగావాట్లు తింటుంది, అంటే 44 సెకన్లు నిండుగా మండుతుంది. ఆ వ్యవధిలో డ్రిల్లులు లేచి బొగ్గు బెల్ట్ నిండటం మొదలవుతుంది. బెల్ట్ చివరి బాయిలర్ దాకా నిండి ఆగాకే స్తంభం మళ్ళీ పాతండి.